ఖాళీ పికప్ వెనక భాగం ఎగిరిపడుతోంది: తప్పు ఇరుసుదా, స్ప్రింగుదా?

డల్లాస్_రైతు
డెంటన్ కౌంటీలో మాకు 12 ఎకరాల పొలం ఉంది, అందులో మేకలను పెంచుతున్నాము. పశువుల ట్రైలర్‌ను లాగడానికి 3 ఏళ్ల కిందట ఒక హాఫ్‌టన్ (పెద్ద పికప్‌లలో తేలిక రకం) పికప్ కొన్నాను. దాని వెనక కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు), వాటి మీద సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒంటి ఇరుసు) ఉన్నాయి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే చెప్పిన మరుక్షణం ఈ చర్చ కంపెనీల కొట్లాటగా మారిపోతుంది. ట్రైలర్ తగిలించినప్పుడు బండి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఖాళీగా వెళ్తున్నప్పుడు మాత్రం ఐ-35 హైవే మీద కాంక్రీటు పలకల అతుకు వచ్చిన ప్రతిసారీ వెనక భాగం ఎగిరిపడుతుంది. మలుపులో అతుకు తగిలితే వెనక చక్రాలు ఒక అంగుళం పక్కకు జరిగినట్లు కూడా అనిపిస్తుంది. పోయిన నెల ఒంగోలు నుంచి వచ్చిన మా అమ్మను వెనక సీటులో కూర్చోబెట్టి పొలానికి తీసుకువెళ్తే, "మా నాన్న ఎడ్లబండిలో ఎండుగడ్డి అయినా పరిచేవాడు, మీకు ఆ మాత్రం కూడా తోచలేదా?" అని అడిగింది. చాలా కార్లు ఎప్పుడో ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కు (ప్రతి చక్రమూ విడిగా ఊగే పద్ధతికి) మారిపోగా పికప్‌లు మాత్రం ఈ ఒంటి ఇరుసును ఎందుకు పట్టుకుని వేలాడుతున్నాయి? ఈ బండిని అమ్మేసి వెనక కూడా ఇండిపెండెంట్ ఉన్న ట్రక్కు కొనడం తెలివైన పనేనా?

ఒంటిఇరుసు
బరువు లాగేవాడికి సాలిడ్ యాక్సిల్ తప్ప వేరే దారి లేదు. ఒక గొట్టం, దాని రెండు కొసలకు రెండు చక్రాలు, మధ్యలో వాటిని తిప్పే క్రౌన్ పినియన్ గేర్లు. అరగడానికీ విరగడానికీ అందులో ఉన్నది చాలా తక్కువ. సుఖం కావాలంటే కారు కొనుక్కోవాలి.

హంట్స్‌విల్_వాసి
పై సభ్యుడి మాటతో నేను ఏకీభవించను. మా ఇంట్లో హోండా రిడ్జ్‌లైన్ 6 ఏళ్లుగా ఉంది. 2006 మోడల్‌గా మొదలైననాటి నుంచీ దానికి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షనే. ఇప్పుడది మా అలబామాలోని లింకన్ పట్టణంలోనే తయారవుతోంది. వెనక సీటులో మా మామగారు నిద్రపోతారు. అన్నిటికంటే ముఖ్యమైనది, తొట్టి నేల కింద తాళం వేసుకునే డిక్కీ ఒకటి ఉంటుంది. ఇరుసు గొట్టం కిందా మీదా ఊగే బండిలో అలాంటి డిక్కీకి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఒంటిఇరుసు
అది లాగగలిగేది 5,000 పౌండ్లు మాత్రమే. అడిగినవారు లాగేది మామగారిని కాదు, మేకలను.

డల్లాస్_రైతు
మా ట్రైలర్ మేకలతో కలిపి సుమారు 7,000 పౌండ్లు తూగుతుంది. కాబట్టి రిడ్జ్‌లైన్ నాకు కుదరదు. కానీ విద్యుత్ పికప్ రివియన్ ఆర్1టీ 11,000 పౌండ్లు లాగుతుందనీ, దానికి నాలుగు చక్రాలూ ఇండిపెండెంటేననీ చదివాను. మరి "వేరే దారి లేదు" అన్న మాట ఎలా నిలుస్తుంది?

మిషిగన్_మంచు
నేను సస్పెన్షన్ విభాగంలో పనిచేసేవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. చక్రాలను ఏది కలుపుతోంది అన్నది ఒక ప్రశ్న, బరువును ఏది మోస్తోంది అన్నది మరొక ప్రశ్న. సాలిడ్ యాక్సిల్ అనగానే కమాన్ కట్టలు గుర్తుకు రావడం అలవాటు మాత్రమే. షెవ్రొలే హాఫ్‌టన్ పికప్‌లలో 1960 నుంచి 1972 వరకు సాలిడ్ యాక్సిల్‌కు కాయిల్ (చుట్టల) స్ప్రింగులు ఉండేవి. ర్యామ్ 1500 కూడా 2009లో కమాన్ కట్టలను వదిలి కాయిల్‌కు మారింది, కానీ ఇరుసు ఇరుసుగానే ఉంది. 2022 టొయోటా టండ్రా అదే దారి పట్టింది. కాబట్టి రైతుగారు ముందుగా తేల్చుకోవలసింది తమ ఫిర్యాదు దేని మీద అన్నది.

ఎగిరిపడటంలో ఎక్కువ పాలు స్ప్రింగుదే. ఉదాహరణకు వెనక స్ప్రింగుల మీద పడే బరువు ఖాళీగా 800 కిలోలు, నిండుగా 1,800 కిలోలు అనుకుందాం. నిండు బరువుకు కుంగిపోకుండా ఉండాలంటే స్ప్రింగును గట్టిగా చేయాలి. అదే స్ప్రింగు మీద బరువు 2.25 వంతులు తగ్గితే, ఊగే వేగం దాని వర్గమూలమైన 1.5 రెట్లు పెరుగుతుంది. అంటే నిండుగా ఉన్నప్పుడు సెకనుకు 1.2 సార్లు మెత్తగా ఊగిన బండి, ఖాళీగా ఉన్నప్పుడు 1.8 సార్లు ఊగుతుంది. మన నడుముకు తెలిసేది ఆ తేడాయే. అదీకాక కమాన్ కట్టలో పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, చిన్న అతుకు తగిలినప్పుడు ఆ రాపిడిని దాటేంత బలం పట్టీలకు అందదు కనుక స్ప్రింగు కదలనే కదలదు, దెబ్బ తిన్నగా చాసిస్‌కు చేరుతుంది. ఇందులో ఇరుసు చేసిన నేరం లేదు.

మలుపులో పక్కకు జరగడం మాత్రం ఇరుసు గుణమే. డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్లు), గొట్టం, రెండు చక్రాలు, బ్రేకులు అన్నీ కలిసి స్ప్రింగుకు దిగువన వేలాడే బరువు. ఒక చక్రం లేస్తే రెండోది కూడా ఒరుగుతుంది. డిఫరెన్షియల్‌ను చాసిస్‌కు బిగించి, చక్రాలకు సగం సగం షాఫ్టులు ఇచ్చే ఇండిపెండెంట్ పద్ధతిలో ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ఇంతకీ మీ టైర్లలో గాలి ఎంత ఉంది?

కమాన్‌కట్ట
పై లెక్కకు నేను సాక్ష్యం చెప్పగలను. మాది మదనపల్లె, 1.7 టన్నుల బొలెరో పికప్‌లో టమాటాలు వేసుకుని చెన్నై కోయంబేడు మార్కెట్‌కు వెళ్తాను. పోయేటప్పుడు క్రేట్లు నిండి ఉంటాయి కనుక డ్యాష్‌బోర్డు మీద పెట్టిన టీ గ్లాసు కూడా తొణకదు. వచ్చేటప్పుడు ఖాళీ క్రేట్లు మోగే మోతకు ఫోను కూడా వినబడదు. రోడ్డు అదే, డ్రైవరు అతనే, ఇరుసూ అదే.

పాతఇనుము
రైతుగారికి పరిష్కారం దొరికినట్లే: అమ్మగారు వచ్చినప్పుడల్లా ఒక టన్ను టమాటాలు వేసుకుంటే సరిపోతుంది. ఒంగోలు వారికి పచ్చడికి కూడా పనికివస్తాయి.

శ్రీసిటీ_స్పానర్
కమాన్‌కట్ట గారూ, మీ బండికి అదనంగా పట్టీలు వేయించారా?

కమాన్‌కట్ట
రెండు వేయించాను. సీజనులో క్రేట్లు కొంచెం ఎక్కువే పడతాయి, కుంగకుండా ఉండాలి కదా.

శ్రీసిటీ_స్పానర్
అదే అనుకున్నాను. ఖాళీగా ఉన్నప్పటి మోతలో ఆ రెండు పట్టీల వాటా కూడా ఉంది, దాన్ని కంపెనీ లెక్కలో వేయకండి. అయితే కమాన్ కట్టల బలం కూడా అదే అని ఒప్పుకోవాలి: ఏ ఊరి పట్టీల షాపులోనైనా ఒక పట్టీ తీసి మరొకటి వేస్తారు, విరిగితే సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది.

మిషిగన్_మంచు గారు చెప్పిన తేడాను మా ఊళ్లో పక్కపక్కనే చూడవచ్చు. ఇసుజు కర్మాగారం 2016లో శ్రీసిటీలో మొదలైంది. అక్కడ తయారయ్యే డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్‌కు వెనక కమాన్ కట్టలు, ఎంయూ-ఎక్స్ ఎస్‌యూవీకి వెనక 5 లింకుల (ఇరుసును పట్టి ఉంచే కడ్డీల) కాయిల్ స్ప్రింగులు. రెండింటికీ సాలిడ్ యాక్సిలే. స్పీడ్ బ్రేకర్ మీద వెనక సీటులో కూర్చున్నవారిని అడిగితే అవి రెండు వేర్వేరు జాతుల బండ్లు అంటారు. ఇరుసును మార్చకుండానే అంత తేడా వచ్చింది.

ఇంకొక మాట. మా వైపు సర్వీసింగ్ అయిన తర్వాత కమాన్ కట్టల మీద పాత ఇంజిన్ ఆయిల్ కొట్టే అలవాటు ఉంది. రెండు రోజులు మెత్తగా ఉన్నట్లు అనిపిస్తుంది. ఆ తర్వాత దుమ్ము పట్టి గరుకు పేస్టులా మారి పట్టీలను అరగదీస్తుంది, రబ్బరు బుష్షులు ఉబ్బి చెడిపోతాయి. ఆ పని చేయకండి.

ఒంటిఇరుసు
స్ప్రింగు సంగతి ఒప్పుకుంటాను. కానీ బరువు పడినప్పుడు ఏం జరుగుతుందో ఎవరూ చెప్పడం లేదు. సాలిడ్ యాక్సిల్‌లో బండి ఎంత కుంగినా చక్రాలు రోడ్డుకు నిటారుగానే నిలబడతాయి. ఇండిపెండెంట్‌లో కుంగినకొద్దీ చక్రాల పైభాగాలు లోపలికి వాలతాయి, టైర్ల లోపలి అంచు అరిగిపోతుంది. పెద్ద బరువులు మోయవలసిన ఫోర్డ్ ఎఫ్-250, ర్యామ్ 2500 లాంటి బండ్లన్నీ సాలిడ్ యాక్సిల్‌నే ఎందుకు ఉంచుకున్నాయో ఆలోచించండి. ఇండిపెండెంట్‌కు బరువు మోసే శక్తి లేదు.

నర్సరీ_నాయుడు
టైర్ల మాట నిజం, నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. న్యూజెర్సీలో మొక్కల నర్సరీ నడుపుతున్నాను. ఇండిపెండెంట్ వెనక సస్పెన్షన్ ఉన్న ఒక ట్రక్కులో, దాని పేరు కూడా అనవసరం, రోజూ మట్టి బస్తాలు వేసుకుని తిరిగేవాడిని. 18 నెలలకు వెనక టైర్లు రెండూ లోపలి అంచున తీగలు కనబడేంతగా అరిగిపోయాయి. బయటి నుంచి చూస్తే మాత్రం కొత్త టైర్లలా మెరుస్తున్నాయి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేసిన కుర్రవాడు, "ఖాళీ బండికి కొలతలు సరిగానే ఉన్నాయి సార్" అన్నాడు. ఖాళీ బండిని నేను ఎప్పుడు నడిపాను కనుక?

టాట్రా_తాతయ్య
"ఇండిపెండెంట్‌కు బరువు మోసే శక్తి లేదు" అన్న మాట చదివి ఊరుకోలేకపోయాను. నేను సైన్యంలో బండ్ల మరమ్మతు విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. 1986 ఒప్పందం తర్వాత ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్ ద్వారా వచ్చిన చెకొస్లొవేకియా టాట్రా లారీలతో రాజస్థాన్ ఇసుకలో చాలా ఏళ్లు గడిపాను. ఆ బండికి నిచ్చెనలాంటి చాసిస్ ఉండదు. ముందు నుంచి వెనక దాకా ఒక లావుపాటి గొట్టం వెన్నెముకలా ఉంటుంది, ప్రతి చక్రానికీ సగం ఇరుసు దాని నుంచి విడిగా ఊగుతుంది. ఈ పద్ధతి 1923 నాటిదే, హాన్స్ లెడ్వింకా అనే ఇంజినీరు రూపొందించాడు. వాటి మీద మేము ఎక్కించిన బరువుల ముందు మీ పికప్‌లు పిల్లల బొమ్మలు.

అయితే ఒంటిఇరుసు గారి రెండో మాటలో నిజం ఉంది. ఖాళీ టాట్రాను వెనక నుంచి చూస్తే చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుని, పైభాగాలు బయటికి వాలి, వంకర కాళ్ల మనిషిలా కనబడుతుంది. బరువు ఎక్కిన తర్వాతే నిటారుగా నిలబడుతుంది. ఖాళీగా దూరం నడిపితే టైర్ల బయటి అంచులు అరుగుతాయి. అంటే నాయుడుగారి బండికి సరిగ్గా తిరగేసిన కథ.

ఒంటిఇరుసు
తాతయ్యగారికి నమస్కరించి, "శక్తి లేదు" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. "చవకగా శక్తి రాదు" అని దిద్దుకుంటాను.

టాట్రా_తాతయ్య
ఆ దిద్దుబాటును ఆమోదిస్తున్నాను. ఆ బండ్ల సర్వీసింగ్‌ను సొంత ఖర్చుతో చేయించవలసి వస్తే నేను కూడా ఎడ్లబండే కొనేవాడిని.

మిషిగన్_మంచు
ఇప్పుడు చర్చ సరైన చోటికి వచ్చింది. నాయుడుగారి బండిలో లోపం పద్ధతిలో కాదు, చక్రాల కోణాన్ని ఖాళీ బండికి సరిచేసి నిండు బండిగా వాడటంలో ఉంది. సర్దుబాటు బోల్టులు ఉన్న బండి అయితే, రోజూ వేసే బరువుతోనే అలైన్‌మెంట్ చేయించండి. ఎయిర్ స్ప్రింగులు ఉన్న బండ్లలో ఈ సమస్య తక్కువ, ఎందుకంటే బరువు పడినా బండి ఎత్తు మారదు, ఎత్తు మారకపోతే కోణమూ మారదు. రివియన్ అంత బరువు లాగగలగడంలో దీని పాత్ర చిన్నది కాదు.

ఇక "కార్లు మారాయి, పికప్‌లు ఎందుకు మారలేదు" అన్న మొదటి ప్రశ్న. ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్ 2003లో, షెవ్రొలే టాహో 2021లో ఇండిపెండెంట్‌కు మారాయి. రెండూ పికప్ చాసిస్‌లకు దగ్గరి బంధువులైన పెద్ద ఎస్‌యూవీలే. మారడానికి పెద్ద కారణం ఏమిటంటే, ఇరుసు కిందికీ పైకీ ఊగడానికి వదలవలసిన ఖాళీ అక్కరలేకపోవడం వల్ల నేల దిగి, మూడో వరుసలో కాళ్లు చాపుకునే చోటు వచ్చింది. పికప్‌లో ఆ చోటు పైన ఉండేది తొట్టి. ఇసుక బస్తాకు కాళ్లు ఉండవు కనుక ఆ లాభానికి డబ్బు ఇచ్చేవారు లేరు. హోండా వారు ఆ చోటును డిక్కీగా మార్చి అమ్మగలిగారు, అది వారి తెలివి.

విద్యుత్ ట్రక్కులు వచ్చాక లెక్క మారింది. మోటారునూ గేర్లనూ ఇరుసు మీదే పెడితే ఊగే బరువు విపరీతంగా పెరుగుతుంది కాబట్టి వాటిని చాసిస్‌కు బిగించడమే సుఖం. బిగించిన తర్వాత సగం షాఫ్టులు తప్పవు. 2022లో వచ్చిన ఫోర్డ్ విద్యుత్ పికప్ లైట్నింగ్, ఎఫ్-150 పేరు పెట్టుకున్న బండ్లలో మొట్టమొదటిసారి వెనక ఇండిపెండెంట్‌తో రావడానికి కారణం ఇదే.

శ్రీసిటీ_స్పానర్
రెండింటికీ మధ్యేమార్గం కూడా ఉంది. 2024లో ఇసుజు బ్యాంకాక్‌లో ప్రదర్శించిన విద్యుత్ డీ-మ్యాక్స్‌కు వెనక డి డియోన్ పద్ధతి పెట్టారు. మోటారు చాసిస్ మీద ఉంటుంది, చక్రాలను మాత్రం ఒక గొట్టం కలుపుతుంది. కాబట్టి చక్రాలు నిటారుగానే ఉంటాయి, ఊగే బరువు తగ్గుతుంది. ఒక టన్ను మోసే బండి అది. ఒంటిఇరుసు గారికి కూడా అభ్యంతరం ఉండదనుకుంటాను.

ఒంటిఇరుసు
గొట్టం ఉంది కనుక అభ్యంతరం లేదు.

రాళ్ళదారి
అందరూ హైవే గురించే మాట్లాడుతున్నారు. నేను కొలరాడోలో కొండదారుల్లో తిరుగుతాను. సాలిడ్ యాక్సిల్‌లో ఒక చక్రం రాయి ఎక్కితే, త్రాసు తట్టలా రెండో చక్రం నేలకు అదుముకుంటుంది, పట్టు దొరుకుతుంది. జీప్ గ్లాడియేటర్‌కు ముందూ వెనకా రెండూ సాలిడ్ యాక్సిల్‌లు ఉండటం ఇందుకే. కాకపోతే మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండు దారిలోని ప్రతి రాయినీ పలకరిస్తుంది. మామూలు ఇరుసులో పెద్ద టైర్లు వేస్తే తప్ప ఆ గుండును పైకి లేపే మార్గం లేదు. అమెరికా సైన్యం హమ్వీలో డిఫరెన్షియల్‌ను చాసిస్ లోపలికి లేపి, చక్రాల దగ్గర మళ్లీ గేర్లు పెట్టి, 16 అంగుళాల ఖాళీ సంపాదించారు. అది ఇండిపెండెంట్ వల్లనే సాధ్యమైంది. కాబట్టి కొండదారికి సాలిడ్ యాక్సిలే దిక్కు అన్న మాట కూడా సగం నిజమే.

మెల్బోర్న్_మల్లి
కాయిల్ స్ప్రింగు ఉంటే అన్నీ తీరిపోతాయన్న భావన కలుగుతోంది కనుక ఒక హెచ్చరిక. ఇక్కడ నిస్సాన్ నవారా డబుల్ క్యాబ్ 2015లో 5 లింకుల కాయిల్‌తో వచ్చింది. ఖాళీగా హాయిగానే ఉండేది కానీ, బరువు వేస్తే వెనక భాగం మరీ కుంగుతోందని వాడినవారు గోల పెట్టారు. కంపెనీ ఆ తర్వాత స్ప్రింగులను ఒకసారి కాదు, రెండుసార్లు సవరించవలసి వచ్చింది. మెత్తదనం కావాలంటే బరువులో కోత తప్పదు.

మిషిగన్_మంచు
మల్లిగారి ఉదాహరణకు జోడీ ఒకటి. 2014లో ర్యామ్ కంపెనీ 2500కు కాయిల్ పెట్టి, అదే ఏడాది 3500కు కమాన్ కట్టలనే ఉంచింది. రెండింటికీ సాలిడ్ యాక్సిలే. 2500 కొనేవారిలో చాలామంది ఎక్కువ రోజులు ఖాళీగా తిరుగుతారు, 3500 కొనేవారు తిరగరు. స్ప్రింగును ఎంచింది కొనేవారి వారమంతా ఎలా గడుస్తుందో చూసి.

రైతుగారూ, గాలి సంగతి అడిగాను, మీరు చెప్పలేదు.

డల్లాస్_రైతు
క్షమించాలి, ఆ ప్రశ్నను నేను పట్టించుకోలేదు. ఈ రోజు కొలిచాను. నాలుగు టైర్లలోనూ 80 పీఎస్ఐ ఉంది. పోయిన వేసవిలో ట్రైలర్ కోసం గట్టి టైర్లు, 10 పొరల రకం, వేయించినప్పుడు షాపువారు పక్కగోడ మీద రాసి ఉన్న గరిష్ఠ అంకె దాకా నింపినట్లున్నారు. తలుపు చట్రం మీది స్టిక్కరులో 35 అని ఉంది.

పాతఇనుము
అమ్మగారికి ఎండుగడ్డి అవసరమే లేదు, ఆవిడ ఏడాదిగా నాలుగు ఇనుప బంతుల మీద ప్రయాణిస్తున్నారు.

డల్లాస్_రైతు
ఏడాదిగా కాదు, ఒకే ఒక్కసారి. మళ్లీ ఎక్కనన్నది.

మిషిగన్_మంచు
నాకు అనుమానం వచ్చింది అక్కడే. అయితే ఒక్కసారిగా 35కు దించకండి. మీరు మార్చిన రకం టైరు, అదే గాలి దగ్గర, కంపెనీ ఇచ్చిన మామూలు టైరు కంటే తక్కువ బరువు మోస్తుంది. టైరు తయారీదారు ఇచ్చే బరువుల పట్టిక చూసి సరిపోయే అంకె ఎంచుకోండి, ఖాళీ బండికి అది 40-45 ప్రాంతంలో రావచ్చు. ట్రైలర్ తగిలించే రోజున పట్టిక ప్రకారం వెనక టైర్లకు పెంచండి. ట్రైలర్ ముక్కు మీద దాని బరువులో 10 నుంచి 15 శాతం పడాలి, అంటే మీకు 700 నుంచి 1,050 పౌండ్లు. అదంతా వెనక ఇరుసు మీదికి వస్తుంది. తలుపు స్టిక్కరులోని పేలోడ్ (బండి మోయగల బరువు) నుంచి ఆ బరువునూ, మనుషుల బరువునూ తీసివేసి చూసుకోండి. ఇండిపెండెంట్ ట్రక్కు కొన్నా ఈ లెక్క తప్పదు.

డల్లాస్_రైతు
వారం తర్వాత రాస్తున్నాను. పట్టిక చూసి 42కు దించాను. నీళ్లను మెత్తబరచడానికి వాడే ఉప్పు బస్తాలు, ఒక్కొక్కటి 40 పౌండ్లవి, 6 తెచ్చి ఇరుసుకు సరిగ్గా పైన పరిచి, కదలకుండా కట్టాను. ఐ-35 అతుకుల మీద ఎగిరిపడటం సగానికి పైగా తగ్గింది. మలుపులో పక్కకు జరగడం మాత్రం అలాగే ఉంది. అది ఇరుసు గుణమని మిషిగన్_మంచు గారు ముందే చెప్పారు. షాక్ అబ్సార్బర్లు 70,000 మైళ్లు తిరిగినవి కనుక వాటిని కూడా మార్పించాలనుకుంటున్నాను. బండిని అమ్మే ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాను.

శ్రీసిటీ_స్పానర్
షాక్‌లు మార్చేటప్పుడు ఒకటి ఇరుసుకు ముందు, మరొకటి వెనక వంగి ఉంటే, అది ఎవరో తప్పుగా బిగించారని అనుకోకండి. కమాన్ కట్టల బండ్లలో యాక్సిలేటర్ తొక్కినప్పుడు ఇరుసు మెలితిరిగి తపతపలాడకుండా కావాలనే అలా పెడతారు. మా షాపులో ఒక కుర్రవాడు రెండింటినీ ఒకే వైపు తిప్పడానికి గంటన్నర కుస్తీ పట్టాడు.

కమాన్‌కట్ట
ఈ చర్చ చదివి నేను కూడా ఒక పట్టీ తీయించాను. రెండోది తీయను, టమాటా సీజను వస్తోంది.

హంట్స్‌విల్_వాసి
ఉప్పు బస్తాలు వర్షంలో తడవకుండా ఎక్కడ పెట్టారు? మాకైతే తొట్టి కింద డిక్కీ ఉంది.

డల్లాస్_రైతు
నిన్న వాన పడింది. మూడు బస్తాలు గడ్డకట్టాయి, మిగిలిన మూడింటిని మేకలు కనిపెట్టాయి.